తవిటమ్మ చుట్టకుదురు

అనగా అనగా అనగా. ఉప్పుకి ఇంకా తూకం పుట్టని కాలం. సముద్రానికీ ఊరికీ మధ్య గాలి తప్ప ఇంకేమీ లేని కాలం. ఆ కాలంలో ఒడ్డు పక్కన ఉప్పుమడుల ఊరొకటి ఉండేది.

వరిమడి చూశారుగా, ఉప్పుమడీ అలాగే ఉంటుంది. నాలుగు వైపులా గట్టు, మధ్యలో నీళ్ళు. కాకపోతే ఇవి సముద్రపు నీళ్ళు. ఎండకి నీళ్ళు ఆరిపోతాయి, అడుగున ఉప్పు మిగులుతుంది. దాన్ని చెక్కపారతో లాగి కుప్ప పోస్తారు. ఆ ఊరివాళ్ళకి ఎండ తెలుసు, ఉప్పు తెలుసు, ఇంకేమీ తెలీదు.

చేప తడిగా ఉందా? ఉప్పు పెట్టు. మామిడికాయ తడిగా ఉందా? ఉప్పు పెట్టు. మేకతోలు తడిగా ఉందా? ఉప్పు పెట్టు. తడి అంటే వాళ్ళకి భయం. తడి తగిలితే ఉప్పు కరుగుతుంది, ఉప్పు కరిగితే పొయ్యి వెలగదు. ఇంతవరకూ బాగానే ఉంది. చేపకీ తోలుకీ పెట్టుకుని ఊరుకుంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

ఊరుకోలేదు. ఆడదానికీ పెట్టారు.

సిగ్గుపడేవాళ్ళు ఉంటే కాసేపు సిగ్గు పక్కన పెట్టి వినండి. ఎదిగిన ప్రతి ఆడమనిషికీ ఒంటి లోపలినుంచి తెల్లగా కొంచెం తడి వస్తుంది. నెలలో కొన్నాళ్ళు పల్చగా, కొన్నాళ్ళు గుడ్డులో తెల్లసొనలా సాగుతూ, కొన్నాళ్ళు చిక్కగా వస్తుంది. లోపలి దారిని శుభ్రంగా ఉంచేది అదే. మీ అమ్మకి వచ్చింది, మీ అమ్మమ్మకి వచ్చింది. అది రాకపోతే ఇక్కడ కూర్చుని వినడానికి మీరెవరూ పుట్టేవాళ్ళే కాదు.

ఆ ఊళ్ళో దానికి కరుగుడు అని పేరు పెట్టారు. ఎముక కరిగి తెల్లగా కారిపోతోందట. అలా కరిగే ఆడది మడిలో కాలు పెడితే మడిలో ఉప్పూ కరిగిపోతుందట. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. ఎవరు చెప్పారు? ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళు.

దానికో మందు కూడా కనిపెట్టారు మహానుభావులు. ఉప్పు తీసేశాక మడి అడుగున చేదునీళ్ళు మిగులుతాయి. చిక్కగా, నూనెలా జారుతాయి. నాలిక మీద చుక్క పడితే పొద్దుగూకేదాకా అన్నం రుచి తెలీదు. వాటిని ఊరిచివర గుంటలోకి వదిలేవారు. దాన్ని చేదుగుంట అనేవారు. ఆ గుంట చుట్టూ గడ్డిపోచ మొలిచేది కాదు. గడ్డినే బతకనివ్వని ఆ నీళ్ళు తెచ్చి, విడిచిన కోక మీద తెల్లమరక కనబడిన కోడలిని పెరట్లో కూర్చోబెట్టి, మూడు పొద్దులు లోపలిదాకా కడిగేవారు. ఎండబెట్టడం అనేవారు దాన్ని. చేపకీ అదే మాట, కోడలికీ అదే మాట.

ఆ నీళ్ళు మోసే మనిషి తవిటమ్మ.

తవిటమ్మకి ముందు పుట్టిన పిల్లలందరూ పోయారు. పుట్టినవాళ్ళు దక్కకపోతే ఆ వైపు ఒక ఆనవాయితీ ఉంది. పసిబిడ్డని చేటలో పెట్టి పక్కింటివాళ్ళకి ఇస్తారు, వాళ్ళు బదులుగా గుప్పెడు తవుడు పోస్తారు. మర్నాడు తల్లి ఆ తవుడు తిరిగిచ్చేసి బిడ్డని తెచ్చుకుంటుంది. చావుదేవుడు ఇది తవుడు పాటి చెయ్యని బిడ్డ అనుకుని వదిలేస్తాడని నమ్మకం. తవిటమ్మనీ అలాగే ఇచ్చారు. కానీ ఆ రాత్రే తల్లికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. తండ్రికీ పట్టుకున్నాయి. తెల్లారేసరికి తవుడు తిరిగివ్వడానికి ఇంట్లో మనిషే లేడు. చేటలో పిల్ల చేటలోనే ఉండిపోయింది.

ఆ చేట ఊరిపెద్ద దాలినాయుడి ఇంట్లో ఉంది. అతని పెళ్ళాం సన్యాసమ్మ పిల్లని పెంచింది అంటారు. పెంచడం అంటే గంజి పొయ్యడం, పని చెప్పడం. ఆ పిల్లకి నడక రాగానే చీపురు ఇచ్చారు, బలం రాగానే కడవ ఇచ్చారు. చేదుగుంట కడవ ఇంకెవరూ ముట్టుకోరు. ముట్టుకున్నవాళ్ళని పక్కన కూర్చోనివ్వరు, పెళ్ళి చేసుకోరు, మడిలో దిగనివ్వరు, గట్టుమీదే నడవాలి. పేరు కూడా పూర్తిగా పిలవరు.

"ఒసే తవుడా! కడవెట్టుకోయే!"

అదీ ఆమెకి ఊరు పెట్టిన పిలుపు.

దాలినాయుడికి ఒక్కడే కొడుకు, సింహాద్రి. పెళ్ళాలు మాత్రం ముగ్గురు. ఒకరి తరవాత ఒకరు. ఎందుకో వినండి.

మొదటి కోడలు పైడమ్మ. కట్టెలమోపు ఒంటిచేత్తో ఎత్తే పిల్ల. కాపురానికొచ్చిన నెలలోనే కోక మీద మరక కనబడింది. సన్యాసమ్మ కోకని వెలుతురులోకి ఎత్తి చూసింది, గుండె బాదుకుంది, "ఒసే తవుడా!" అని కేకేసింది. తవిటమ్మ కడవ ఎత్తింది. తవిటమ్మ కడవ దించింది. తవిటమ్మ నోరెత్తలేదు.

పైడమ్మ అరిచిన అరుపుకి గట్టుమీద కొంగలు లేచిపోయాయి. సింహాద్రి చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. దాలినాయుడు అరుగు మీద వేపపుల్ల నములుతూ, "ఆడోళ్ళ యవ్వారం. నాను మాటాడను" అన్నాడు. మూడు పొద్దులయ్యేసరికి పిల్లకి లోపలంతా పచ్చిపుండైంది. పుండు చీము పట్టింది. చీము జ్వరమైంది. ఆ జ్వరంలోనే పోయింది.

"సూసినారా, కరిగిపోనాది" అన్నారు.

కరిగిపోయిందట! చంపిన చేతులు అక్కడే ఉన్నాయి, ఉప్పు అంటుకుని తెల్లగా కనబడుతూనే ఉన్నాయి. వాటిని మాత్రం ఎవరూ ఎత్తి చూడలేదు.

రెండో కోడలు కన్నమ్మ. పాటలు పాడుతూ పిండి విసిరేది. ఆమె కోక మీదా మరక కనబడింది. కనబడక ఎక్కడికి పోతుంది? ఆడమనిషి కోక అది. "ఒసే తవుడా!" అని కేక. తవిటమ్మ కడవ ఎత్తింది. తవిటమ్మ కడవ దించింది. తవిటమ్మ నోరెత్తలేదు.

కన్నమ్మ చావలేదు. అదివరకు లేని జబ్బు మొదలైంది. తెల్లటి తడి కాస్తా పచ్చగా మారింది. దుర్వాసన, దురద, పొత్తికడుపులో నొప్పి. ఇవన్నీ చేదునీళ్ళు తెచ్చిపెట్టినవే. సన్యాసమ్మ ముక్కు మూసుకుని, "సూసినారా, నాను ముందే సెప్పనేదా" అంది. దాలినాయుడు, "ఆడోళ్ళ యవ్వారం. నాను మాటాడను" అన్నాడు. సింహాద్రి నేల చూశాడు. కన్నమ్మని ఎడ్లబండి ఎక్కించి పుట్టింటికి తోలేశారు.

తవిటమ్మ ఎందుకు నోరెత్తలేదని అడుగుతారేమో. నిజం చెప్పాలి. తవిటమ్మకి ప్రాణం గుప్పిట్లో ఉంది. ఆమెకీ తెల్లటి తడి వస్తుంది. ఈడొచ్చిన నాటినుంచీ వస్తుంది. తవుడుకి కొన్న మనిషి కోక ఎత్తి చూసేదెవరు? ఎవరూ చూడలేదు. అందరూ లేవకముందే లేచి ఉతుక్కునేది. ఎవరికంటా పడకుండా తడికోకని గడ్డివాములో దూర్చి ఆరబెట్టుకునేది. చీకట్లో అరకొరగా ఆరి ముక్కిపోయిన ఆ గుడ్డే కట్టుకుని, దురదతో ఏడ్చిన రోజులున్నాయి. ఎండలో పరిస్తే పోయే దురద అది. ఆ ముక్క చెప్పడానికి ఒక్క మనిషి లేదు. తానూ కరుగుతున్నాననే అనుకుంది. ఈ ఏడు కడవ ఎత్తలేను, ఈ ఏడు కూలిపోతాను అని ఏటేటా ఎదురుచూసింది. ఏటేటా కడవ లేస్తూనే ఉంది.

ఒక మనిషి బతుకంతా తను కరిగిపోయే రోజు కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఒంట్లో ఏ లోపమూ లేకుండా!

మూడో కోడలు గవిరి. ఎగువ నుంచి, జొన్నచేల ఊరినుంచి వచ్చింది. వచ్చిన మొదటిరోజే పెరట్లో కడవ కడుగుతున్న తవిటమ్మని చూసి, "పెద్దమ్మా, కూకో. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు, కాళ్ళు లాగనేదేటి?" అంది. తవిటమ్మ వెనక్కి తిరిగి చూసింది, వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమో అని. ఎవరూ లేరు. ఆమెనే అంది. ఆ ఊళ్ళో తవిటమ్మని వరస కలిపి పిలిచిన నోరు అదొక్కటే.

ఆ గవిరి కోక మీదా ఒక ఉదయం సన్యాసమ్మకి మరక కనబడింది.

"రేపు పొద్దున్నే ఎండబెట్టాల" అని సన్యాసమ్మ ఊరందరికీ చాటింది. గవిరిని పశువులశాలలో కూర్చోబెట్టి గడియ పెట్టింది. మధ్యాహ్నం గంజి ఇచ్చిరమ్మని తవిటమ్మని పంపింది.

గవిరి గంజి ముట్టుకోలేదు.

"నాకేటైనాది పెద్దమ్మా? దురద నేదు. మంట నేదు. సెడ్డ వాసన నేదు. నెల మద్దెలో వొచ్చీదే వొచ్చినాది. ఎందుకు కడుగుతారు నన్ను?"

"అది కరుగుడమ్మా..."

"కరుగుడేటి? మొదట సూసుకున్నప్పుడు నానూ బయపడినాను. మా అమ్మకి సెప్తే నవ్వినాది. కంట్లో తడి నేకపోతే కన్ను ఆడదు, నోట్లో తడి నేకపోతే ముద్ద దిగదు, ఇదీ అలగేనే పిచ్చిదానా అన్నాది. మా ఊర్లో ఆడోళ్ళందరికీ వొస్తాది."

తవిటమ్మ గంజిముంత కింద పెట్టేసింది.

"అందరికీ వొస్తాదేటి?"

"ఆడదై పుట్టినాక రాకుండా ఎలగుంటాది? నీకు రానేదేటి పెద్దమ్మా?"

తవిటమ్మ గడప మీద చతికిలబడింది. ముందు ఏడుపొచ్చింది. నాకేమీ లేదా, ఇన్నేళ్ళూ నాకేమీ లేదా అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులోనే పైడమ్మ అరుపు గుర్తొచ్చింది. కన్నమ్మ బండెక్కుతూ వెనక్కి చూసిన చూపు గుర్తొచ్చింది. ఆ రెండు కడవలూ ఎవరి తలమీద వచ్చాయో గుర్తొచ్చింది. అంతే, కళ్ళు తుడిచేసుకుంది. కడుపులో కోపం రాజుకుంది. పొయ్యిలో చితుకులు అంటుకున్నట్టు ముందు చిన్నగా, తరవాత చిటపటలాడుతూ, తరవాత ఎవరు ఊదినా ఆర్పలేనంతగా.

"గంజి తాగు. రేపు నీకు బలం కావాల" అంది గవిరితో.

తెల్లారింది. పెరడు నిండా ఆడవాళ్ళు. గోడకి అవతల మగవాళ్ళు, చూడనట్టు నిలబడి చూస్తూ. అరుగు మీద దాలినాయుడు, నోట్లో వేపపుల్ల. పక్కన సింహాద్రి, నేల చూపులు. పెరడు మధ్యలో పీట మీద గవిరి, ఆమె రెండు భుజాలూ పట్టుకుని ఇద్దరు ముసలమ్మలు.

"ఒసే తవుడా!"

తవిటమ్మ వచ్చింది. నెత్తిన చేదునీళ్ళ కడవ. కడవ కింద ఎప్పుడూ ఉండే గడ్డి చుట్టకుదురు ఇవాళ లేదు. గడ్డికి బదులు ఏదో ఎర్రగుడ్డ మెలితిప్పి చుట్టుకుంది.

"దించే" అంది సన్యాసమ్మ.

"దించను."

"ఏటే?"

"దించనన్నాను. ముందు నా నెత్తి మీద ఏటున్నాదో సూడు. అందరూ సూడండి!"

చూశారు. అది తవిటమ్మ విడిచిన కోక. ఉతకని కోక. ఎర్రటి గుడ్డ మీద తెల్లగా ఎండిన మరకలు, ఒకటి కాదు, చాలా. ఒక ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది నాది" అంది తవిటమ్మ. "నిన్న ఇడిసిన కోక. మొన్నటిదీ ఇలగే ఉన్నాది. ఈడొచ్చిన కాడినుంచీ ఇలగే ఉన్నాది. మరి నా ఎముకలేవి కరిగినాయి? ఈ మెడ కరిగినాదా? ఈ నడుం కరిగినాదా? మీ ఇళ్ళకి నీళ్ళు మోసిందెవులు? మీ పురుళ్ళకి కట్టెలు కొట్టిందెవులు? మీ మొగోళ్ళిద్దరు ఎత్తలేని ఉప్పుగంప ఒక్కదాన్నే ఎత్తినానే, అప్పుడు కరగనేదేటి నాను?"

సన్యాసమ్మకి ముఖం ఎర్రబడింది. "నిన్ను గుప్పెడు తవుడికి కొన్నాం. నీ కోక ఎవులు సూస్తారే?"

"ఎవులూ సూడనేదు కాబట్టే బతికినాను. నువ్వు సూసిన పైడమ్మ సచ్చిపోనాది."



తవిటమ్మ అరుగు వైపు తిరిగింది. కడవ నెత్తినే ఉంది, చుక్క తొణకలేదు. "నాయుడుబాబూ, నీ కంట్లో తడి మెరుస్తున్నాది. ఈ నీళ్ళు పోసి ఎండబెట్టీమంటావేటి? సింహాద్రిబాబూ, నోరు తెరు. ఉమ్మి ఊరతన్నాది. కడిగీమంటావేటి? మీకు ఒక్క చుక్క ఒద్దు. ఈ పిల్లకి మాత్రం మూడు పొద్దులా!"

సింహాద్రి తండ్రి వెనక్కి జరిగాడు. దాలినాయుడు అలవాటు మాటే అన్నాడు. "ఆడోళ్ళ యవ్వారం. నాను మాటాడను."

"మాటాడొద్దు. సూడు" అంది తవిటమ్మ. గిరుక్కున తిరిగి పెరడు దాటింది, వీధి దాటింది, గట్టు దిగింది. చేదుకడవ నెత్తిన పెట్టుకుని, మరకల కోక చుట్టుకుని, తెల్లగా ఉప్పు తేలిన మడిలో కాలు పెట్టింది.

అప్పుడు లేచాడు దాలినాయుడు. మొదటి కోడలు చచ్చినప్పుడు లేవలేదు. రెండో కోడల్ని బండెక్కించినప్పుడు లేవలేదు. ఉప్పులో తవిటమ్మ కాలు పడిందనేసరికి నోట్లో పుల్ల ఉమ్మేసి, పంచె ఎగ్గట్టి, అరుస్తూ పరిగెత్తాడు. ఇప్పుడది ఆడోళ్ళ యవ్వారం కాదు కదా మరి!

చేదుకడవ మనిషిని ముట్టుకోలేక అతను గట్టుమీదే ఆగిపోయాడు. తవిటమ్మ ఆగలేదు. మొదటి మడి దాటి, "పైడమ్మా!" అని అరిచింది. రెండో మడి దాటి, "కన్నమ్మా!" అని అరిచింది. మూడో మడి మధ్యలో నిలబడి, ఊరి వైపు తిరిగి, "తవిటమ్మా!" అని అరిచింది. ఆ పేరు పూర్తిగా ఆ ఊళ్ళో వినబడటం అదే మొదలు. ఎవరూ పిలవలేదు కాబట్టి తనే పిలుచుకుంది.

కాలి కింద ఉప్పు కరకరలాడింది. కరగలేదు. మధ్యాహ్నమైంది, కరగలేదు. పొద్దు వాలింది, కరగలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ గట్టుమీదకి వచ్చి, కాలి బొటనవేలితో ఉప్పుని తాకి చూసి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని వెళ్ళారు.

సన్యాసమ్మ పంతం వదల్లేదు. "తవుడు తేకపోతే ఇంకొకర్తె తెస్తాది. ఒలె, నువ్వెల్లు. నువ్వెల్లు. పోనీ నువ్వెల్లు" అని ముగ్గుర్ని పురమాయించింది. ముగ్గురూ వెనక్కి తగ్గారు. చేదుకడవ ముట్టుకుంటే తవుడు మనిషైపోతారని, పక్కన కూర్చోనివ్వరని, పిల్లలకి పెళ్ళిళ్ళు కావని నేర్పింది వాళ్ళే. ఇప్పుడు ముట్టుకునేదెవరు? ఆ రోజు గవిరిని బతికించింది ఎవరి జాలీ కాదు. వాళ్ళ పొగరే వాళ్ళకి అడ్డం పడింది.

పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. తవిటమ్మకి కూడు పెట్టకూడదు. నీళ్ళు పొయ్యకూడదు. నిప్పు ఇవ్వకూడదు. తవిటమ్మ ఆ తీర్పుకి తల కూడా తిప్పలేదు. చేదుగుంట ఒడ్డున నాలుగు తాటాకులు నిలబెట్టుకుని అక్కడే ఉండిపోయింది. పీతలు పట్టుకుంది, ఇసకలో చెలమ తవ్వుకుంది. అదే కడవతో, ఒడ్డునుంచి ఇసక తెచ్చి గుంటలో పొయ్యడం మొదలుపెట్టింది. రేపు ఎవరో ఒకరు కడవ ముట్టుకోకపోరని ఆమెకి తెలుసు. ఆకలేస్తే మనిషి దేన్నైనా ముట్టుకుంటుంది. అందుకని గుంటే ఉండకూడదు.

వానాకాలం వచ్చింది. వాన పడింది. ఉప్పు కరిగింది. "సూసినారా! దాని పాపమే!" అన్నారు పెద్దలు. ఏటేటా ఆ రోజుల్లో ఆ వాన పడుతుంది. వాళ్ళ తాతలనాడూ పడింది. అయినా ఆ ఏటి వానని తవిటమ్మకి అంటగట్టారు. తాటాకులు పీకేశారు, రాళ్ళు విసిరారు. ఒక రాయి తగిలి కన్ను వాచింది. తవిటమ్మ ఆ రాయి తీసి చూసింది, బాగా బరువుగా ఉంది, గుంటలో వేసింది. ఆ తరవాత విసిరిన ప్రతి రాయీ గుంటలోకే పోయింది. వాళ్ళకే రాళ్ళు మోసుకొచ్చి ఓపిక పోయింది.

ఒకరోజు గవిరి గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. "పెద్దమ్మా, నానూ పోస్తాను."

"అత్త ఊరుకుంటాదేటి?"

"ఊరుకోదు. నానూ ఊరుకోను."

గవిరి వెనకాల ఇంకొకామె. ఆమె వెనకాల ఇంకొకామె. ఇసక పోసి, తవిటమ్మ పక్కన కూర్చుని, చుట్టూ చూసి, చెవిలో చెప్పేవారు. "నాకూ వొస్తాది." "నాకూనే." "నాకు పెళ్ళికి ముందునుంచీ." తవిటమ్మకి ప్రతిసారీ ఒళ్ళు మండిపోయేది. "అందరికీ వొస్తాదే! మరి అందరూ కలిసి ఒకర్తెని పీట మీద కూకోబెట్టి ఎందుకు కడిగినారే?" అని అరిచేది. వాళ్ళు తలలు దించుకుని ఇంకో గంప పోసేవారు.

ఒకామె మాత్రం వేరేగా చెప్పింది. "నాది పెరుగు ముక్కల్లాగ వస్తన్నాదప్పా. ఒకటే దురద. ఉచ్చకెళ్తే మంట." తవిటమ్మ గవిరి ముఖం చూసింది. గవిరి చెప్పింది, "అది ఈ తడి కాదు. అది జబ్బు. పచ్చగా వచ్చినా, సెడ్డ వాసనేసినా, నెత్తురు జీర కలిసినా, పొత్తికడుపు నొప్పెట్టినా జబ్బే. జబ్బుకి మందున్నాది. మా ఊర్లో కన్నమ్మప్పకి అలగే తగ్గినాది." పుట్టింటికి తోలేసిన కన్నమ్మని ఈమధ్యే గవిరి ఊరి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే, మందు తిని కోలుకుందని గవిరికి పుట్టింటినుంచి కబురొచ్చిందట. కొన్నాళ్ళకి ఆమే వచ్చింది, తమ ఊరి ఎర్రమట్టి గంపెడు మోసుకుని. అది పోశాక గుంటలో ఉమ్మేసి వెళ్ళిపోయింది.

చివరికి సన్యాసమ్మ కూడా వచ్చింది. ముసలిదైపోయింది. చేతికర్ర ఊతంతో వచ్చి గుంట ఒడ్డున నిలబడింది.

"నన్నూ కడిగినారే, తవు..." అని ఆగింది. "తవిటమ్మా. పెళ్ళైన కొత్తలో. మా అత్త కడిగినాది. ఇప్పటికీ వానొస్తే సలుపుతాది."

ఇక్కడ తవిటమ్మ ఆమెని కౌగిలించుకుందని చెబితే మీకు బాగుంటుంది. కౌగిలించుకోలేదు.

"నొప్పి తెలిసీ కడిగినావు" అంది. "తెలీనోళ్ళనైనా ఒదిలీగలను గాని నిన్నెలగ ఒదిలీగలను? ఇసక పొయ్యి. మాటలొద్దు."

సన్యాసమ్మ వంగలేక వంగి, పిడికెడు ఇసక తీసి వేసింది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కాళ్ళు ఆడినంతకాలం వచ్చింది. తవిటమ్మ ఆమెతో మళ్ళీ మాట్లాడలేదు.

గుంట జానెడు లోతు మిగిలి ఉండగా తవిటమ్మ పోయింది. కడవ పక్కనే, ఒడ్డున కూర్చున్నది కూర్చున్నట్టే. ఆ మిగిలిన జానెడూ ఊరి ఆడవాళ్ళు ఒక్క పూటలో నింపారు. ఆమెని ఆ ఇసకలోనే పెట్టారు. నెత్తి కింద ఆ ఎర్రకోక చుట్టకుదురే ఉంచారు. దాన్ని ఉతకబోతే గవిరి ఉతకనివ్వలేదు.

ఇదీ తవిటమ్మ కథ. ఇప్పుడు ఆ ఊళ్ళో ఏం చేస్తారో చెబుతాను.

చేదుగుంట ఉన్నచోట ఇప్పుడు ఇసకదిబ్బ ఉంది. మడుల చేదునీళ్ళు తిన్నగా సముద్రంలోకే పోతాయి. దిబ్బ మీద ఈ చివరనుంచి ఆ చివరకి తాళ్ళు కట్టి ఉంటాయి. ఆడవాళ్ళ లోపలి గుడ్డలన్నీ అక్కడే, పట్టపగలు, నడినెత్తిన ఎండలో ఆరుతాయి. కింద దారిన మగవాళ్ళు పోతూనే ఉంటారు. చూస్తే చూస్తారు. ఎవరి గుడ్డా గడ్డివాములో ఉండదు.

కొత్తకోడలు గడప తొక్కిన రోజు, అత్త తను విడిచిన కోకనే మెలితిప్పి నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద మంచినీళ్ళ కడవ ఎత్తుకుని రావాలి. ఆ నీళ్ళతో కోడలి కాళ్ళు కడగాలి. అత్త ఎంత గొప్పింటిదైనా తప్పదు.

ఏ పిల్లయినా మరక చూసుకుని బెదిరిపోతే పెద్దవాళ్ళు మూడు మాటలు అడుగుతారు. దురదా? మంటా? వాసనా? ఏ ఒక్కదానికి అవునన్నా, నొప్పో జ్వరమో ఉందన్నా, రంగు మారిందన్నా, అప్పటికప్పుడు వైద్యుడి దగ్గరికి బయల్దేరదీస్తారు. మూడింటికీ కాదంటే నవ్వేసి, "ఏటీ నేదు, తవిటమ్మ తడి" అంటారు. నీళ్ళతో పైపైన కడుక్కో, లోపల ఏదీ పొయ్యకు, గుడ్డ ఎండలో ఆరెయ్యి అని చెప్పి ఆడుకోవడానికి పంపేస్తారు.

దిబ్బ పక్కనుంచి పోయేవాళ్ళెవరైనా, ఆడైనా మగైనా, పిడికెడు ఇసక వేసిగాని ముందుకి పోరు. దిబ్బ ఇప్పటికే ఇళ్ళ కప్పులకంటే ఎత్తు పెరిగింది. పొరుగూరి మనిషి ఒకడు అది చూసి, "గుంట ఎప్పుడో నిండిపోనాది కదా అవ్వా, ఇంకా ఎందుకు పోస్తన్నారు?" అని అక్కడ గుడ్డలు ఆరేస్తున్న ముసలమ్మని అడిగాడట.

ఆమె చేతిలోని తడిగుడ్డని ఒక్కసారి గట్టిగా దులిపింది.

"మీ ఊర్లో నిండినాదేటి?" అంది.

అతను వంగి ఇసక తీశాడు.